ఏసీ బోగీలో పాస్‌వర్డు

మా సందు మొదట్లో ఉన్న జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సగం మంది జాతకాలు మన చేతికొస్తాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు హాస్టళ్ళ నుంచి దిగి వస్తారు. రేపు ఇంకో ఊళ్ళో పరీక్ష, ఈరోజే బస్సెక్కాలి, హాల్‌టికెట్ ప్రింటు కావాలి. షాపులో ఉన్న కంప్యూటర్లోనే మెయిల్ తెరుస్తారు. భుజాన బ్యాగు, చేతిలో ఫోను ఉండి చేతులు ఖాళీ లేకపోతే షాపతనికే అప్పజెబుతారు. "అన్నా, పాస్‌వర్డ్ జెప్త, జర నువ్వే కొట్టు." వెనక నిలబడ్డవాళ్ళందరూ వింటూనే ఉంటారు. కాగితం చేతికి రాగానే పరుగు. మెయిల్ మాత్రం తెరిచిన తలుపులా అక్కడే ఉంటుంది. ఆధార్ కార్డు, టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, అమ్మ బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, అన్నీ అందులోనే.

"బాబూ, లాగౌట్ చేసి వెళ్ళు!" అని నేను అరుస్తాను.

"ఏం గాదు ఆంటీ, అన్న మనోడే."

ఆ 'మనోడే' అన్న మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. జిరాక్స్ అన్న మంచివాడే, కాదనను. ఆయన తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆయనకే తెలియదు. ఉద్యోగమంతా నేను పోట్లాడింది దొంగలతో కాదు, ఈ మాటతోనే.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి పరీక్షల మీద ఆశ వదులుకుని, ఈమధ్య ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరింది. "ఆంటీ, మీరు గూడ ఇదే పని జేసిండ్రంట గదా. అసలు ఏం జెయ్యాలె గండ్ల?" అని మెట్ల మీద ఆపి అడిగింది. మెట్ల మీద చెప్పే జవాబు కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందీ, ఏ కోర్సుకు ఏ సర్టిఫికెట్ ఇచ్చారూ మీకు అక్కర్లేదు. నాకూ గుర్తులేదు.

తాళం మేడమ్

హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిట్ సంస్థలో పనిచేశాను. పేరు అనవసరం. నేను చేరిన రోజుల్లో కంప్యూటర్ అంటే గుడి లెక్క. దానికో ఏసీ గది, గది బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి. అది ఎక్కడికీ కదిలేది కాదు, నేనూ కదిలేదాన్ని కాదు, సుఖంగా ఉండేది. తర్వాత లాప్‌టాప్‌లు వచ్చాయి. ఆడిటర్లు ఊళ్ళు తిరగడం ఎప్పటి నుంచో ఉన్నదే. లాప్‌టాప్‌లతో కాగితాలకు కూడా కాళ్ళొచ్చాయి. అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

ఆడిటర్ లాప్‌టాప్‌లో ఆడిటర్‌ది ఏమీ ఉండదు. మహా అయితే పిల్లల ఫొటోలు నాలుగు. మిగతాదంతా పరాయి సొమ్మే. ఏదో కంపెనీ లెక్కలు, అందులో పనిచేసేవాళ్ళ జీతాలు, ఆధార్‌లు, చిరునామాలు. లాప్‌టాప్ ఖరీదెంత అని అడగండి, ఠక్కున చెబుతారు. లోపలున్నది ఎవరిది అని అడగండి, నీళ్ళు నములుతారు.

నాకు మొదటి పాఠం చెప్పింది మా పాత పెద్ద భాగస్వామి. ఆయనకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. క్లయింటు ఫైలు పట్టుకుని రైలెక్కితే దిగేదాకా దాని ముడి విప్పేవాడు కాదు. ఎందుకండీ అంటే, "ఇది మనది కాదమ్మా. చూసి ఇమ్మని ఇచ్చారు. పెళ్ళికి అడిగి తెచ్చుకున్న పట్టుచీరలాంటిది. మన సొంత చీర కంటే జాగ్రత్తగా కట్టుకోవాలి" అనేవాడు. డేటా భద్రత గురించి తర్వాత నేను విన్న ఉపన్యాసాల్లో ఇంతకంటే పనికొచ్చే మాట లేదు.

ఆ మాట పట్టుకునే నా పద్ధతులన్నీ పెట్టాను. ప్రతి లాప్‌టాప్‌లో డిస్కు మొత్తానికి తాళం. అంటే పాస్‌వర్డు లేకుండా ఎవడైనా విప్పి చూస్తే లోపలంతా పిచ్చిగీతలే. ప్రయాణానికి ఏ ఫైలు అవసరమో అదొక్కటే వెంట పోవాలి, మిగతావి ఆఫీసులోనే ఉండాలి. లాడ్జీ కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. రైల్వే స్టేషన్ వైఫైలో క్లయింటు పని ముట్టుకోకూడదు, ఫోన్లో ఉన్న సొంత నెట్టు వాడుకోవాలి. ఎవడో ఇచ్చిన చార్జరు గుచ్చకూడదు. లాప్‌టాప్ బ్యాగు బెర్తు కింద కాదు, తలకింద ఉండాలి.

ఈ చాదస్తానికి నాకు తాళం మేడమ్ అని పేరు పెట్టారు. "మేడమ్, మీ ఇంట్లో ఉప్పు డబ్బాకు కూడా పాస్‌వర్డు ఉందటగా?" అని ఏడిపించేవారు. "ఉప్పుకు లేదు, ఆవకాయకు ఉంది" అనేదాన్ని. నవ్వుకుంటూనే పద్ధతి పాటించేవారు. పెద్దాయన పోయి ఆయన స్థానంలో విశ్వనాథం గారు వచ్చేదాకా బండి బాగానే నడిచింది.

మీదే ఊరండీ?

విశ్వనాథం గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడే అయితే నాకింత కోపం ఉండేది కాదు. నవ్వుతూ పలకరిస్తాడు, ఎవరింట్లో పెళ్ళైనా ముందుంటాడు, ఊరి నుంచి వస్తూ ఆఫీసు మొత్తానికి స్వీట్లు తెస్తాడు. మనిషి కనిపిస్తే చాలు, "మీదే ఊరండీ?" అని మొదలుపెడతాడు.

మన తెలుగువాళ్ళ జబ్బే ఇది. మా తాతగారు కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాను. అయినా రైలెక్కితే ఎదుటి సీటాయన నన్ను వదలడు. "మీదే ఊరండీ?" చిక్కడపల్లి అంటాను. "అది కాదండీ, అసలు ఊరు?" తర్వాత ఇంటిపేరు. తర్వాత అమ్మగారి పుట్టిల్లు, వాళ్ళ ఇంటిపేరు. ఏ స్కూల్లో చదివారు, పిల్లలెందరు, పేర్లేమిటి. రెండు స్టేషన్లు దాటేసరికి మన వంశవృక్షం వాళ్ళ ఒళ్ళో ఉంటుంది. ఇప్పుడు మీ బ్యాంకువాడు, మెయిల్‌వాడు పాస్‌వర్డు మర్చిపోతే అడిగే ప్రశ్నలు చూడండి. మీ తల్లి పుట్టింటి ఇంటిపేరు? మీరు పుట్టిన ఊరు? మీ మొదటి స్కూలు? వేరే దేశాల్లో ఇవి రహస్యాలేమో గానీ, మన దగ్గర పల్లీలు పంచుకున్నంత తేలిగ్గా పంచే వివరాలు.

ఆఫీసులో ఒకసారి అందరికీ జాగ్రత్తలు చెప్పమన్నారు. నేను ఏ బొమ్మలూ చూపించలేదు. ముందు వరసలో ఉన్న విశ్వనాథం గారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "మీదే ఊరండీ?" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. రైల్లో చెప్పినట్టే అన్నీ చెప్పాడు. ఊరు, ఇంటిపేరు, అబ్బాయి పేరు, వాడు పుట్టిన ఏడాది. నేను లేచి బోర్డు మీద ఆయన ఊరు పేరు రాసి, పక్కన అబ్బాయి పుట్టిన ఏడాది వేశాను. "ఇదేనా సార్ మీ పాస్‌వర్డు?" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆయనా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

మర్నాడు కారిడార్లో ఎదురై, ఆఫీసు మొత్తం వినేలా, "మార్చేశానమ్మా! ఈసారి మా అమ్మమ్మగారి ఊరు పెట్టాను" అన్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

స్లీపర్లో స్వప్న, ఏసీలో లాప్‌టాప్

స్వప్న మా ఆఫీసులో చిన్న ఆడిటర్. వాళ్ళ నాన్న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మేస్త్రీ పనికి వచ్చి అంబర్‌పేట్ బస్తీలో స్థిరపడ్డాడు. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మొదట ఆమెకే వచ్చింది. నా మాటలను నవ్వులాటగా తీసుకోని కొద్దిమందిలో ఆ పిల్ల ఒకర్తె. ఊళ్ళూ పేర్లూ పుట్టినరోజులూ వద్దు, మీకు మాత్రమే తెలిసిన ఒక వాక్యం అనుకోండి, అందులో ప్రతి మాటకూ మొదటి అక్షరం తీసుకోండి, అదే పాస్‌వర్డు అని చెప్పేదాన్ని. స్వప్న అలాగే పెట్టుకుంది. ఆ వాక్యం ఏమిటో నాక్కూడా చెప్పలేదు.

మా క్లయింటు ఒక కట్టడాల కంపెనీ. వాళ్ళకు విశాఖపట్నంలో సైటు ఉంది. పాలమూరు కూలీలను ఇక్కడి బస్తీల నుంచే తీసుకెళ్ళేవారు. లెక్కలు చూడడానికి విశ్వనాథం గారు, స్వప్న బయల్దేరారు. సైటులో పనిచేసేవాళ్ళందరి ఆధార్ కాపీలూ స్వప్న లాప్‌టాప్‌లో వేసివ్వమన్నాడు ఆయన.

"అందరివీ ఎందుకండీ? ఏవో కొన్నేగా సరిచూసేది? అక్కడికెళ్ళాక కావలసినవి అడగండి, పంపుతాను" అన్నాను.

"అక్కడ నెట్టు సరిగ్గా రాదండీ. ప్రతిదానికీ మిమ్మల్ని అడుక్కోవాలా? అన్నీ వేసేయండి. తాళం ఎలాగూ వేస్తారుగా మీరు" అన్నాడు.

ఆయన భాగస్వామి, నేను జీతగత్తెను. వేసిచ్చాను.

తిరుగు ప్రయాణంలో ఆయన ఏసీ బోగీలో, స్వప్న స్లీపర్లో. ఒకే పని మీద వెళ్ళిన ఇద్దరికి రెండు రకాల బోగీలేమిటని అడగకండి, మా సంస్థ మర్యాద అది. బండి ఎక్కగానే, "కాగితాలు ఓసారి చూస్తాను, ఇలా ఇవ్వమ్మా" అని ఆమె లాప్‌టాప్ తన బోగీకి తీసుకెళ్ళాడు. కాసేపటికి ఫోను. పాస్‌వర్డు చెప్పమని. ఆ తర్వాత జరిగింది స్వప్న నాకు ఏడుస్తూ చెప్పింది.

"నేనే వచ్చి కొట్టి ఇస్త సార్ అన్న మేడం. వద్దన్నరు."

"ఏమన్నాడు?"

"అంత దూరం ఏం నడుస్తవు, చెప్పమ్మా, ఇక్కడంతా మనవాళ్ళే ఉన్నరు అన్నరు."

ఆమె ఒక్కో అక్షరం చెబుతుంటే ఆయన బోగీ అంతా వినేలా తిరిగి చెప్పాడు. "ఎమ్ పెద్దదా, చిన్నదా? ఎమ్ అంటే మాచర్ల ఎమ్మేనా? తర్వాత ఎన్? నరసాపురం ఎన్నా? గట్టిగా చెప్పమ్మా, బండి చప్పుడు!" ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా దాచుకున్న వాక్యాన్ని ఆయన ఊళ్ళ పేర్లతో దండోరా వేశాడు.

ఎదుటి సీటులో ఇదంతా వింటూ ఒక పెద్దమనిషి. మీదే ఊరండీ అంటే నిడదవోలు అన్నాడట. విశ్వనాథం గారి మేనత్తది ఆ ఊరే. ఇంకేం, చుట్టరికాలు కలిశాయి. రాజమండ్రిలో బండి ఆగింది. సాయంత్రం వేళ, ప్లాట్‌ఫారం మీద పూతరేకులు అమ్ముతున్నారు. "కొంచెం చూస్తూండండి" అని లాప్‌టాప్ ఆయనకు అప్పగించి మనవాడు దిగాడు. పొట్లాలు కట్టించుకుని తిరిగొచ్చేసరికి పెద్దమనిషీ లేడు, లాప్‌టాప్ లేదు.

సికింద్రాబాద్ వచ్చాక రైల్వే పోలీసులకు బ్యాగు పోయిందని మాత్రం రాసిచ్చాడు. బ్యాగులో ఏముందో రాయలేదు. ఆఫీసుకొచ్చి పూతరేకులు నా బల్ల మీద పెట్టి విషయం చెప్పాడు.

"ఆయన తీసి ఉండడండీ. మనవైపు మనిషి. ఎవడో మధ్యలో కొట్టేసుంటాడు."

"ఆయన పేరేమిటి సార్?"

తన వంశమంతా విప్పి చెప్పిన మనిషి అవతలివాడి పేరు కనుక్కోలేదు.

ఎవరి కాగితాలు పోయాయో వాళ్ళకు వెంటనే చెబుదామన్నాను. క్లయింటుకూ, కూలీలకూ. మీ ఆధార్ కాపీలు పోయాయి, జాగ్రత్తగా ఉండండి అని.

"కూలీల ఆధార్‌లేగా! కంపెనీ లెక్కలు పోలేదు కదా, ఇంకేం?" అన్నాడు. "అయినా లాప్‌టాప్ ఆ అమ్మాయి పేరున ఉంది. ఆమె అజాగ్రత్త అని రిపోర్టు రాసేయండి, సరిపోతుంది."

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అల్లుడు దానం చేసి, పాపం కోడలి నెత్తిన పెడుతున్నాడు. నేను రిపోర్టు రాయలేదు. రాయనని చెప్పి పూతరేకుల పొట్లం ఆయన బల్ల మీద తిరిగి పెట్టి వచ్చాను. లాప్‌టాప్ పోయిందని క్లయింటుకు చెప్పారు గానీ, కూలీలకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

బాలయ్య

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ ఎవరితోనో గొడవపడుతుంటే కిందికి దిగాను. మెట్ల పక్కన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు బాలయ్య. సెంట్రింగ్ పని చేస్తాడు. విశాఖ సైటులో పనిచేసి వచ్చాడు.

"పోలీసోళ్ళు పిలిసిండ్రు మేడం. నా పేరు మీద సిమ్ము ఉన్నదంట. దాంతోని ఎవర్నో మోసం జేసిండ్రంట. నాకున్నది గీ ఒక్క డబ్బ ఫోను. గీ నంబరు తప్ప ఇంకోటి నాకెర్క లేదు."

"స్టేషన్‌లో మీ ఆధార్ కాపీ చూపించారా?"

"సూపిచ్చిండ్రు. నాదే. మూలకు సైటు గేటు పాసు నంబరు గూడ ఉన్నది, సైటుల ఇచ్చిన కాయితమే. సైటు గుమాస్తాను అడిగితే ఆడిటోళ్ళ తాన పోయింది, ఆడికి పో అన్నడు." చేతిలోని చెప్పులు కింద పెట్టి, "రోజు స్టేషన్ సుట్టు తిరుగుతుంటే పనికి పోతలేను. ఇంట్ల పరేషాన్ అయితున్నది. మీకాడ పోయింది నిజమే అయితే గా ముచ్చట రాసియ్యుండ్రి. నేను దొంగను గాదని సూపిస్త" అన్నాడు.

ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాను. దాచడం చేతకాక, ఎక్కడ ఎలా పోయిందో ఉన్నదున్నట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఏసీ డబ్బల పోయిందా?"

"అవును."

"నేను ఎన్నడు ఏసీ డబ్బ ఎక్కలె మేడం. నా ఆధారు ఎక్కింది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకు మించిన కోపం కూడా వచ్చింది.

పైకి వెళ్ళి విశ్వనాథం గారికి చెప్పాను. ఆయన కాదనలేదు. "రాసిద్దాం. ఉద్యోగిని అజాగ్రత్త వల్ల లాప్‌టాప్ పోయింది అని రాద్దాం. ఆ అమ్మాయి ఒప్పుకుని సంతకం పెడితే నేనూ పెడతాను" అన్నాడు.

ఇదీ బేరం. బాలయ్య దొంగ కాదని రుజువు కావాలంటే స్వప్న తప్పు ఒప్పుకోవాలి.

స్వప్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేను పెడత మేడం సంతకం. మా నాయన అసుంటోడే ఆయన. పోలీస్ స్టేషన్ అంటే మా ఇండ్లల్ల ఎట్లుంటదో మీకు తెల్వదు."

"నీ ఉద్యోగం?"

"ఇంకోటి దొరుకుతది."

"దొరకదే పిచ్చిదానా. ఇది ఆడిట్. జనం కాగితాలు పారేసిందని నీ పేరున రాస్తే నువ్వు ఎక్కడికెళ్ళినా ఆ మాట నీకంటే ముందు వెళుతుంది."

"మరి ఆయనను గట్లనే తిప్పుతరా?" అని అడిగింది.

రెండు ముక్కల ఉత్తరం

మళ్ళీ విశ్వనాథం గారి గదిలోకి వెళ్ళాను. తలుపు వేయలేదు. అందరూ వినాలనే వేయలేదు. బోగీ అంతా విన్నప్పుడు ఆఫీసు వింటే తప్పేమిటి?

"సార్, తాళం వేసింది నేను. తాళంచెవి దాచుకుంది స్వప్న. దాన్ని ఊరంతా చూపించింది మీరు."

"మాటలు జాగ్రత్త! ఇన్నేళ్ళ సంస్థ పరువు రోడ్డున పడేస్తారా?"

"పరువును ఇనప్పెట్టెలో పెట్టుకుంటారు, జనం ఆధార్‌లను పూతరేకుల కోసం దారినపోయేవాడి ఒళ్ళో పెడతారా?"

"మీరు ఉద్యోగం చేస్తున్నారా, ధర్నా చేస్తున్నారా?"

"ఉద్యోగమే చేస్తున్నాను. నా ఉద్యోగమంటే ఇదే."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకూ బోధపడింది. తాళాలు, పాస్‌వర్డులు, పెన్‌డ్రైవులు ఉద్యోగంలో సగమే. పోయినప్పుడు ఎవరిది పోయిందో వాళ్ళకు చెప్పడం, ఎవరి చేతిలో పోయిందో ఉన్నదున్నట్టు రాయడం మిగతా సగం. ఆ సగం ఏ కోర్సులోనూ చెప్పరు.

నా సీటుకొచ్చి, కంప్యూటర్ల బాధ్యురాలి హోదాలో నేనే రాశాను. తెలుగులో రాశాను, బాలయ్యకూ కానిస్టేబుల్‌కూ ఇద్దరికీ అర్థం కావాలని. ఈయన ఆధార్ కాపీ మా సంస్థ లాప్‌టాప్‌లో ఉంది, ఆ లాప్‌టాప్ రైల్లో మా భాగస్వామి చేతిలో ఉండగా పోయింది, ఇందులో ఈయన తప్పు గానీ, దాన్ని వాడే ఉద్యోగిని తప్పు గానీ లేదు. అంతే. కింద నా సంతకం. ఒక కాపీ క్లయింటుకు పంపి, మిగతా కూలీలందరికీ చెప్పమన్నాను.

స్వప్న, నేను, బాలయ్య కలిసి ఆటోలో స్టేషన్‌కు వెళ్ళాం. ఎస్సై చదివి, నన్ను ఎగాదిగా చూసి, "ఇట్ల రాసిచ్చే ఆఫీసు నేను ఇప్పటిదాక సూడలే" అన్నాడు. బాలయ్యను కూర్చోమని, నిందితుడిగా అడుగుతున్నవన్నీ పక్కన పెట్టి, మోసపోయినవాడిగా ఆయన మాట రాసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ స్టేషన్‌లో తనకు కుర్చీ ఇవ్వడం ఇదే మొదటిసారని బాలయ్య బయటికొచ్చాక చెప్పాడు.

తర్వాత ఏమైందంటారా? విశ్వనాథం గారు నాతో మాట్లాడడం మానేశాడు. రిటైర్మెంటు దగ్గరపడుతోంది గదా, మిగిలిన సెలవులు వాడేసుకోండని ఇంటికి పంపారు. శాలువా కప్పలేదు. మంచిదే, హైదరాబాద్ ఎండకు శాలువా ఏం చేసుకుంటాను! స్వప్నను మాత్రం కదిలించలేకపోయారు. తీసేస్తే క్లయింటు ఎందుకని అడుగుతాడు. ఈమధ్య ఒక భాగస్వామి రైల్లో ఆమె లాప్‌టాప్ అడిగితే, "నేను మీ పక్కన కూసుంట సార్, మీరు సూడుండ్రి" అందట. ఆయన పక్కన కూర్చోవాలంటే ఏసీ టికెట్ తీయాలి. తీశారట.

కొత్తగా చేరినవాళ్ళకు

అమ్మాయీ, నువ్వు అడిగినదానికి జవాబిదే. మీ ఆఫీసువాళ్ళు ఊరెళ్తుంటే వెంట ఏం తీసుకెళ్తున్నారో అడుగు. అక్కర్లేనిది వెంట పోనివ్వకు. పైవాడు తిట్టినా సరే, తిట్టు మానిపోతుంది, పోయిన ఆధార్ తిరిగి రాదు. లాప్‌టాప్ పోతే లోపలున్నది దూరం నుంచే తుడిచేసే ఏర్పాటు ముందే పెట్టుకో, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. పాస్‌వర్డు ఒక్కటే చాలనుకోకు, ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అడిగేలా పెట్టించు. చిన్నవాళ్ళ పాస్‌వర్డు పెద్దవాళ్ళు అడగడం మర్యాద కాదని మొదటి రోజే చెప్పు. పోయిన వెంటనే చెప్పినవాళ్ళను తిట్టనివ్వకు. తిడితే రెండోసారి ఎవరూ చెప్పరు.

రైల్లో కబుర్లు మానమని నేను అనను. అది లేకపోతే మనం మనం కాదు. ఊరు చెప్పుకోండి, వంటలు చెప్పుకోండి. బ్యాంకువాడి ప్రశ్నలకు మాత్రం నిజం చెప్పకండి. మా అమ్మ పుట్టింటి ఇంటిపేరని నేను అక్కడ ఒక కూరగాయ పేరు రాశాను. ఏ కూరగాయో చెప్పను.

బాలయ్య పోయిన వారం మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు నారాయణగూడలో ఒక అపార్టుమెంటు పనిలో ఉన్నాడు. ఆ రోజు స్టేషన్ నుంచి వస్తూ ఆయనకు ఒక పద్ధతి చెప్పాను. ఆధార్ జిరాక్స్ ఇచ్చినప్పుడల్లా దాని మీద అడ్డంగా, ఫలానా పనికి మాత్రమే అని రాసి, తేదీ వేసి ఇవ్వమని. కొడుకుతో రాయించుకుని అలాగే ఇస్తున్నాడట. కొత్త సైటు గుమాస్తాకు అది చూసి కోపం వచ్చింది.

"గీ గీతలేంది, సాఫ్ కాయితం తే అన్నడు మేడం."

"మీరేమన్నారు?"

"తెస్త సార్ అన్న. తెస్త గని, గిది ఏ రైలెక్కుతదో ముందుగాల జెప్పుండ్రి అన్న."

బాలయ్య వెనక వరసలో ఇంకా చాలామంది ఆధార్ కాగితాలు చాచి నిలబడి ఉన్నారు. ఆ మాట విని ఒక్కొక్కరే చేతులు వెనక్కి తీసుకున్నారట.